కొండబావిలో పెట్టిన కాలు

మా ఊరికి బోరు పంపు వచ్చి నాలుగేళ్లయింది. ఇప్పటి పిల్లలకు నారికురుపు అంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడమే మంచిది. కానీ వాళ్ల పెద్దవాళ్లు కూడా అప్పుడే మరిచిపోయి, వాన నీళ్లు నిలిచిన గుంత కనబడితే చాలు, దోసిలి పట్టి తాగుతున్నారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లను తిట్టే అర్హత ఈ జిల్లాలో ఎవరికైనా ఉందో లేదో గాని నాకు మాత్రం లేదు. అందుకే తిట్టడం మాని రాస్తున్నాను.

నేను తపాలా సంచి మోసేవాణ్ణి. మా శాఖలో ఆ ఉద్యోగాన్ని రన్నర్ అంటారు. పేరుకు తగ్గట్టు నిజంగానే పరుగెత్తేవాణ్ణి. పొద్దున రాయదుర్గం బస్సులో సంచి మా ఊళ్లో దిగుతుంది. దాన్ని భుజానికి తగిలించుకుని, అడవికొండ ఎక్కి దిగి, అవతలి పల్లెలో ఇచ్చి, వాళ్ల సంచి తీసుకుని సాయంత్రం బస్సు కదిలేలోపు తిరిగి రావాలి. బస్సు కొండ అవతలికి పోదు. నడిస్తే బస్సు అందదు. కాబట్టి పరుగే.

ఆ దారి గురించి చెప్పకపోతే నా జబ్బు సంగతి అర్థం కాదు. చుట్టూ పదామడల మేర శనక్కాయ చేలు ఎండిపోయి ఎర్రగా కనిపించే కాలంలో కూడా మా కొండ మీద నీడ ఉండేది. సీతాఫలం చెట్లు, బులుసు, తంగేడు, కలే పొదలు. ఒకరు పట్టేంత దారి. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు, దిగేటప్పుడు మునివేళ్ల మీద. ఎలుగుగొడ్లు ఉండేవి గనక గట్టిగా పాడుకుంటూ పోయేవాణ్ణి. నా పాటకు భయపడేది ఎలుగుగొడ్డు కాదు, నెమళ్లని మా ఆవిడ హనుమక్క ఎగతాళి. పదకొండేళ్లు పరుగెత్తాను. ఒక్కరోజు కూడా బస్సు తప్పిపోలేదు. ఆ పొగరు నాకు నెత్తికెక్కింది, ఒప్పుకుంటున్నాను.

సగం దారిలో బండను తొలిచి కట్టిన దిగుడుబావి ఉంది. కొండబావి అంటాం. కింద బావులన్నీ ఎండినా అది ఎండదు. ఆ నీళ్లంత తీపి నీళ్లు నేను ఇంకెక్కడా తాగలేదు. రోజూ చివరి మెట్టు దాకా దిగి, పాదాలు నీళ్లలో మునిగేటట్టు నిలబడి, దోసిలితో కడుపునిండా తాగేవాణ్ణి. అవతలి పల్లె ఆడవాళ్లు కూడా ఎండాకాలం కడవలు పట్టుకుని అక్కడికే వచ్చేవారు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఉగాది దాటిన వారం. ఎడమ చీలమండ పక్కన దురద. ముల్లు గుచ్చుకుందనుకున్నాను. నాలుగు రోజులకు అది బొబ్బయింది. కాలే బొగ్గు చర్మం కింద పెట్టినట్టు మంట. ఆ మంటతోనే కొండ ఎక్కి, బావి దగ్గరికి వచ్చి కాలు నీళ్లలో పెట్టాను. అబ్బ! ఆ సుఖం ఏం చెప్పాలి! నీళ్లు తగలగానే బొబ్బ పగిలింది, మంట చల్లారింది. అక్కడే కూర్చుని దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కాలు బావిలో పెట్టడం అలవాటైంది. ఆ తర్వాత అదే నీళ్లు తాగేవాణ్ణి కూడా. ఎంత బుద్ధిహీనుణ్ణి చూడండి!

పుండులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెట్టాక దూదేకుల ఉసేనప్ప దగ్గరికి పోయాను. పరుపులు కుట్టేవాడు. నారికురుపు తీయడంలో ఆయన చేతికి పేరు. చీపురు పుల్లకు పురుగు కొసను చుట్టి, నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి, వేలెడు లాగి ఆపేశాడు.

"అంతేనా అన్నా?" అన్నాను.

"అంతే. దినానికి వేలెడు. ఆశపడి లాగితివా, లోపల తెగుతాది. తెగితే విషం. ఆమీద నీ కాలు నీది కాదప్పా."

"ఎన్నాళ్లు పడతాది?"

"నెలో, నెలన్నరో. ఇంట్లో కూకో. ఎగరొద్దు, దూకొద్దు."

"సంచి ఎవరు మోస్తారు, నువ్వా?"

ఉసేనప్ప నా వంక చూసి, "సంచి కంటే కాలు ముందు పుట్టింది కదప్పా," అన్నాడు.

నేను వింటేగా! పుల్లను కాలికి ఆనించి, పైన పాత పంచె ముక్క చుట్టి, బిగించి ముడేశాను. నెమ్మదిగా నడుస్తానని ఇంట్లో మాటిచ్చాను. నడకా పరుగూ కాని వడి నడకతో, అవతలి పల్లెలో ఆగకుండా, తొమ్మిది రోజులు ఎట్లాగో బస్సు అందుకున్నాను. పదో రోజు అవతలి పల్లెలో ఆలస్యమైంది. తిరిగి వచ్చేటప్పుడు దూరంగా రాయదుర్గం బస్సు హారను వినిపించింది. అంతే, కాలి సంగతి మరిచిపోయి దిగుడులో పరుగందుకున్నాను. కలే పొద ముల్లు గుడ్డను పట్టి లాగింది. గుడ్డతో పాటు పుల్ల. లోపల ఏదో పుటుక్కుమంది. బస్సు మాత్రం అందింది. సంచి ఎక్కించి అక్కడే దుమ్ములో కూలబడ్డాను.

రెండు రోజుల్లో కాలు మోకాలి దాకా వాచి నల్లబడింది. చలిజ్వరం. ఉసేనప్ప వచ్చి చూసి, "నా చేతిలో పని కాదు, అనంతపురం పెద్దాసుపత్రికి ఎత్తుకోండి," అని వెళ్లిపోయాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు.

అప్పుడు ఇంట్లో జరిగిన రాద్ధాంతం జ్వరంలో కూడా నాకు బాగా గుర్తుంది. మా బ్రాంచి పోస్టుమాస్టరు, బళ్లో అయ్యవారు కూడా ఆయనే, వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. రన్నర్ రాకపోతే తన తరఫున బదులు మనిషిని పెట్టాలి, లేదంటే పై ఆఫీసు ఇంకొకరిని వేసుకుంటుందన్నాడు. మా అన్న కాలికి చెప్పులేసుకుని నడవడానికే ఆయాసపడే మనిషి.

"నేను మోస్తా," అంది హనుమక్క.

"ఏమ్మా, మతి ఉండాదా?" అని అరిచాడు మా అన్న. "ఆడమనిషి ఒంటిగా అడవిలో పరిగెత్తేదేంది? ఊరు నవ్వదా?"

మా అమ్మకు ఇంకో కోపం. "మొగుడు ఆస్పత్రిలో సావుబతుకుల్లో ఉంటే సంచి మోస్తాదంట సంచి!"

"అత్తా, నువ్వు ఆయప్పతో పో. నేను ఆయప్ప పని చూసుకుంటా. కాలు బాగై వచ్చేసరికి పని ల్యాకపోతే ఆ కాలు ఎందుకు?" అంది హనుమక్క. అయ్యవారు కాగితం మీద ఆమె పేరు రాసుకున్నాడు.

నన్ను ఎద్దుల బండిలో పడుకోబెట్టి బస్సు దగ్గరికి తెచ్చారు. హనుమక్క బండి పక్కన నడుస్తోంది. దారి చెప్పాను ఆమెకు. వంకర బండ దగ్గర ఎడమకు తిరుగు. దిగుడులో మునివేళ్ల మీద పో. గట్టిగా పాడుకుంటా పో. చివరికి ఈ మాట కూడా అన్నాను: "దప్పికైతే కొండబావి ఉండాది. తీపి నీళ్లు. కడుపునిండా తాగు."

నా నోటితో నేనే చెప్పాను. బావి సంగతి ఆమెకు చెప్పింది ఇంకెవరో కాదు.

బస్సు నిండా జనం. కండక్టరు నన్ను చూసి వెనక సీటు మొత్తం ఖాళీ చేయించాడు. "మన టపా అన్నప్పా, లేయండి లేయండి!" అని అందరినీ లేపాడు. నా కాలి వాసనకు ముక్కు మూసుకున్నవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టను. కణేకల్లు నుంచి వస్తున్న ఒక పెద్దమనిషి మాత్రం దారి పొడుగునా నా పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, గుంతలు వచ్చినప్పుడు కుదుపు తగలకుండా. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

ఆస్పత్రి వరండాలో రెండు రోజులు చాప మీదే. మంచం ఖాళీ లేదు. రోగం కంటే ఆ కాచుకోవడం ఎక్కువ భయపెడుతుంది. తెల్లకోటు ఎటు పోతుంటే అటు అందరి తలలు తిరిగేవి. నా పక్కన ధర్మవరం మగ్గం నేసే ఆయన, తండ్రిని తీసుకొచ్చి కాచుకుని ఉన్నాడు. మా అమ్మకు ఊరు తెలియదు, అక్కడ మాట్లాడే తీరు తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. ఆయనే చీటీ రాయించాడు, ఆయనే నీళ్లు తెచ్చాడు, తన క్యారియర్లో అన్నం మా అమ్మకు సగం పెట్టాడు. "తిను పెద్దమ్మా. నువ్వు పడితే ఈ అన్నను చూసేదెవరు?" అనేవాడు. మూడో రోజు ఆయన తండ్రి పోయాడు. శవాన్ని తీసుకుని వెళ్తూ కూడా ఆ కొడుకు తన దుప్పటి నా కాళ్ల మీద కప్పి వెళ్లాడు. ఆ దుప్పటి ఇంకా మా ఇంట్లోనే ఉంది.

డాక్టరు కాలు నొక్కి చూసి, "చూద్దాం. తగ్గకపోతే మోకాలి కింద తీసేయాల్సి వస్తుంది," అన్నాడు. మా అమ్మ గోడకు చేరగిలబడి అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. నేను పరుగెత్తేవాణ్ణి సార్ అని చెప్పబోయేసరికి ఆయన పక్క రోగి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ వారం రోజులూ కళ్లు మూసుకుంటే కొండ దారే. ఎక్కడ ఏ రాయి కదులుతుందో, ఎక్కడ వేరు అడ్డం వస్తుందో, అన్నీ గుర్తు చేసుకుంటూ మనసులోనే పరుగెత్తేవాణ్ణి. బయట మాత్రం ఏడ్చేవాణ్ణి. సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆదివారం తపాలా ఉండదు గనక హనుమక్క ఆదివారం ఆదివారం వచ్చేది. మొదటి వారం ఆమె అరికాళ్లు పగిలి ఉన్నాయి. రెండో వారానికి నడకే మారిపోయింది. చీర గోచీ పోసి కట్టి పరుగెత్తుతోందట. "అయ్యవారు ఏమన్యాడో తెల్సా? నీ కంటే నా సంచే ముందొస్తాందంట!" అని నవ్వింది. నాకు రోషం వచ్చింది. ఎన్ని రోజుల తర్వాతో ఆ రోషం! అప్పుడే అనుకున్నాను, బతికేటట్టున్నానని.

కాలు దక్కింది. మూడుచోట్ల కోసి చీము తీశారు, తీసేయలేదు. జ్వరం దిగిన నాడు పుండు కడుగుతూ అక్కడి నర్సమ్మ, అందరూ సిస్టరమ్మ అనే ఆమె, మామూలుగా అడిగింది. "ఈ కాలు ఏ నీళ్లలోనైనా పెట్టినావా?"

"పెట్టినా అమ్మా. రోజూ పెడితి. చల్లగా ఉంటాదని."

ఆమె చెయ్యి ఆగింది. "తాగే నీళ్లా?"

అప్పుడు చెప్పింది. పుండు నీళ్లలో పెట్టగానే ఆ పురుగు తన పిల్లల్ని వేలకు వేలు నీళ్లలోకి వదులుతుందట. మంట పుట్టించేదే అందుకట. ఆ నీళ్లు వడగట్టకుండా తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి నారికురుపు లేస్తుంది. "నీకూ అట్లాగే వచ్చింది. ఎవరో పెట్టిన కాలు," అంది.

కడుపునిండా తాగు అన్న నా మాట నా చెవిలో మోగింది. హనుమక్క సంచి మోయడం మొదలుపెట్టి అప్పటికి నెల దాటింది.

వెంటనే కార్డు రాశాను. "కొండబావి నీళ్లు తాగవద్దు. ఇంటి నుంచి చెంబుతో తీసుకుపో." ఎందుకో రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఆ కార్డు అయ్యవారు ఆమెకు చదివి వినిపించాడట. మరుసటి రోజు నుంచి చెంబు తీసుకుపోయిందట. కానీ నెల రోజుల నీళ్లు అప్పటికే ఆమె కడుపులో ఉన్నాయి. వాటికి మందు లేదు. ఏడాది ఆగి చూడటమే.

వానలు మొదలయ్యేసరికి ఇంటికొచ్చాను. కొండకు ఇవతలా అవతలా అందరికీ చెప్పాను, బావిలో కాళ్లు పెట్టొద్దు, నీళ్లు గుడ్డతో వడగట్టుకోండి, ఆస్పత్రిలో చెప్పినారు అని. అంతవరకే. అందులో కాలు పెట్టింది నేనేనని చెప్పే ధైర్యం రాలేదు. చివరి మెట్లకు అడ్డంగా ముళ్ల కంప వేయించి, చేద, తాడు పెట్టించాను. ఏదో పెద్ద ఉపకారం చేసినట్టు అందరూ మెచ్చుకుంటుంటే తలెత్తలేకపోయాను.

శనక్కాయలు పీకే నాటికి నడిచాను. సంక్రాంతి దాటాక హనుమక్క భుజం మీది నుంచి సంచి తీసుకుని పరుగెత్తాను. మునుపటి పరుగు కాదు, దిగుడులో ఎడమ కాలు ఇప్పటికీ అనుమానంగానే పడుతుంది. అయినా నా కాలు, నా దారి. మొదటి రోజు వంకర బండ దగ్గర నిలబడి ఆ కండక్టరునూ, ధర్మవరం ఆయననూ, కాలు ఒళ్లో పెట్టుకున్న ఆ పెద్దమనిషినీ తలుచుకుని దండం పెట్టుకున్నాను. దేవుళ్ల కంటే ముందు వాళ్లకే పెట్టాను.

కానీ ఆ ఏడాది నేను సంతోషంగా ఉన్నానని చెప్తే అబద్ధం. నా కళ్లు ఎప్పుడూ హనుమక్క కాళ్ల మీదే. ముల్లు తీస్తానని ఒకసారి, నూనె రాస్తానని ఒకసారి, ఏదో వంకతో ఆమె పాదాలు పట్టుకుని వెతికేవాణ్ణి. ఆమె గోక్కుంటే చేతిలో పని వదిలి వచ్చి చూసేవాణ్ణి. "మొగుడు కాళ్లు పట్టుకునే రాత నాకే ఉండాది చూడు అత్తా!" అని ఆమె నవ్వేది. మా అమ్మ మూతి తిప్పుకునేది. పాపం, ఏమీ తెలియక నవ్వుతోందే అని నేను లోలోపల కుమిలిపోయేవాణ్ణి.

ఉగాది వచ్చింది. పోయింది. ఇంకో ఇరవై రోజులు గడిచాయి. ఇక లేదులే అనుకున్న వారంలోనే, పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న హనుమక్క కుడి పాదం పక్కకు పెట్టుకుని ఉంది. పాదం మీద బొబ్బ. అడగాల్సిన పని లేకపోయింది. నేను చూశాను, ఆమె నేను చూడటం చూసింది.

చదివేవాళ్లను ఊరించడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తాను. పురుగు తెగకుండా మొత్తం వచ్చింది. ముప్పై నాలుగు రోజులు పట్టింది. తీసింది నేనే. ఉసేనప్ప పక్కన కూర్చుని మొదటి రెండు రోజులు చెయ్యి పట్టి నేర్పాడు. "నీ కాలికి లేని ఓపిక నీ పెళ్లాం కాలికి యాడ నుంచి వచ్చెనప్పా?" అని ఎత్తిపొడిచాడు కూడా. రోజూ పొద్దున బస్సు రాకముందు వేడినీళ్ల గుడ్డతో పుండు తడిపి, వేలెడు చుట్టి, కట్టు కట్టి, ఆ తర్వాతే సంచి. పుండు తడిపిన నీళ్లను బావికీ గుంతకూ దూరంగా ఎండిన చేలో పారబోసేవాణ్ణి.

ఆ ఎండాకాలం అవతలి పల్లెలో కూడా నలుగురికి లేచింది. ఈసారి పోయి రచ్చబండ దగ్గర ఉన్న మాట చెప్పాను. ఒక ముసలాయన నన్ను చూసి, "పదకొండేండ్లు మాకు జాబులు తెస్తివి. ఇదీ నువ్వే తెస్తివా?" అన్నాడు. నలుగురి ఇళ్లకూ రోజూ పోయి నా చేత్తోనే చుట్టాను, ఒక్కటీ తెగలేదు. ఆ ముసలాయన ఇంట్లోనే నాకు మజ్జిగ ఇచ్చేవారు. వాళ్ల రుణాన్ని ఏ మాటతో తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ ఆ నలుగురికీ చెప్పే ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అంతకు ముందే ఒకరికి చెప్పాను. అయిదో రోజో ఆరో రోజో. హనుమక్క గడప మీద కూర్చుని కాలు నా మోకాలి మీద పెట్టింది. నేను పుల్ల తిప్పుతున్నాను. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఏమే, నీకొక మాట చెప్పాల."

"చెప్పు. చెయ్యి మాత్రం ఆపొద్దు."

"ఆ బావిలో నేను కాలు పెట్టినా. పుండు కాలు, రోజూ పెడితి. ఆ నీళ్లే నిన్ను తాగమంటి. ఇది నా వల్లే వచ్చింది నీకు."

ఆమె కాలు కదలలేదు.

"నాకు తెల్దా?" అంది.

నేను తల ఎత్తాను.

"తాగొద్దని కార్డు రాస్తివి కదా. ఎందుకు వద్దంటాండాడో అని ఆ ఆదివారమే సిస్టరమ్మను అడిగితి. అంతా చెప్పె."

"ఏడాది నుంచి తెలుసా నీకు? మరి ఒక్క మాటా అనకపోతివే!"

"ఏమంటాం? వస్తే వస్తాది, ల్యాకుంటే ల్యా. నువ్వు ఊరికే నా కాళ్లు ఎతుకుతాంటివి. నాకు తెల్దనుకుంటే నీకు కొంచెమన్నా నిద్ర పడతాది, నీ కాలు మానతాది అనుకొంటి. అందుకే నవ్వుతా ఉంటి. ఇద్దరం కూకొని భయపడి ఏం చేస్తాం? ఒకరు సాలదా?"

ఏడాదంతా ఆమె తెలియక నవ్వుతోందనుకున్నాను నేను. ఆమె తెలిసే నవ్విందని, అది నా కోసమేనని వినేసరికి నా కళ్లు నిండిపోయి పుల్ల రెండుగా కనిపించింది. తుడుచుకుందామంటే రెండు చేతులకూ పని ఉంది.

హనుమక్క ముందుకు వంగి తన కొంగుతో నా కళ్లు తుడిచింది.

"ఏడుస్తావేందయ్యా, చెయ్యి వణికి పురుగు తెగుతాది. ముందు చుట్టు," అంది.

చుట్టాను.